పల్లికాయంత లైబ్రరీ: గూబర్

నమస్తే, వనపర్తి నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, యాసంగి పల్లి మార్కెట్‌కి వచ్చే రోజులివి. ఇవాళ్టి వీడియో కూడా పల్లికాయ మీదే. నవ్వకండి, గూబర్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది, అంటే వెబ్ పేజీకి రంగులు, అంచులు దిద్దడానికి వాడుకునే రెడీమేడ్ కోడ్. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పల్లికాయని గూబర్ అంటారు. లైబ్రరీ బొమ్మ కూడా పల్లికాయే. అసలు ఈ పేరు మన పాలమూరోళ్లకి తట్టాల్సింది!

వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే లైబ్రరీలో పేజీని బటన్, కార్డు, ఫారం అని ముక్కలుగా రాస్తాం కదా. వాటి రంగులు, అంచులు మాత్రం వేరే సీఎస్ఎస్ ఫైల్లో ఉంటాయి, ఏ రూల్ ఏ ముక్కకో క్లాస్ అనే పేరుతో కలుపుతాం. ఇద్దరు ఒకే క్లాస్ పేరు పెడితే ఇక గొడవే. 2014లో ఫేస్‌బుక్ ఇంజినీర్ క్రిస్టోఫర్ షెదో ఇలాంటి తిప్పలన్నీ వరసగా చూపించి, స్టైల్ కూడా జావాస్క్రిప్ట్‌లోనే రాయొచ్చన్నాడు. 2016లో స్టైల్డ్ కాంపోనెంట్స్ అనే లైబ్రరీ వచ్చాక ఆ పద్ధతి బాగా పాకింది. అయితే ఆ లైబ్రరీ బరువు, గూబర్ తయారైనప్పటి లెక్కలో, దాదాపు 12 కిలోబైట్లు. ఇమోషన్ అనే ఇంకో లైబ్రరీ అయితే 11. గూబర్ అదే రాత తీరుతో 1 కిలోబైటుకి అటూఇటూగా వస్తుంది. ఇవన్నీ కుదించాక సైజులే.

నాకు దీని అవసరం ఎలా పడిందంటే, మా మామది జడ్చర్లలో పల్లి వ్యాపారం. రోజు ధర చూపించే పేజీ చేసిపెట్టమన్నాడు. ధర, ఫోన్ నంబర్, ఎన్ని క్వింటాళ్లకి ఎంత వస్తుందో చూపే స్లైడర్, అంతే. తీరా చూస్తే నేను రాసిన కోడ్ కంటే స్టైల్ లైబ్రరీయే బరువుగా ఉంది. గూబర్ పెట్టాను. రియాక్ట్ తీసేసి, దాదాపు అలాగే పనిచేసే చిన్న లైబ్రరీ ప్రియాక్ట్ కూడా పెట్టాను, ఎందుకంటే 40 కిలోబైట్లు దాటే రియాక్ట్‌ని ఉంచుకుని స్టైల్ దగ్గర పిసినారితనం చేస్తే అర్థం లేదు. నిజం చెప్పాలంటే, మామ షాపు ముందు దిగిన ఫోటోని కుదిస్తే వీటన్నిటికంటే ఎక్కువ తగ్గింది.

ఇది పని చేసే తీరు చూద్దాం. మీరు రాసిన స్టైల్‌ని గూబర్ ఒక అంకెగా మారుస్తుంది, ముందు ‘go’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు తగిలించి క్లాస్ పేరు చేస్తుంది. తర్వాత ఆ రూల్‌ని పేజీలోని స్టైల్ ట్యాగ్‌లో వేస్తుంది. అదే స్టైల్ వంద బటన్లకి వాడినా రూల్ ఒక్కటే. మొదట్లో సెటప్ అనే ఫంక్షన్‌ని ఒక్కసారి పిలిచి, ఎలిమెంట్లు తయారుచేసే ఫంక్షన్‌ని దానికి అందించాలి. నేను మర్చిపోయి ఒక పూట పోగొట్టుకున్నాను. పాత బ్రౌజర్లకి కావాల్సిన ప్రిఫిక్స్‌లు, అంటే కొన్ని స్టైల్ పేర్ల ముందు తగిలించే ముక్కలు, కూడా గూబర్‌లో రావు, వాటికి విడిగా ఒక ముక్క ఉంది. అంత చిన్నగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

అసలు దెబ్బ స్లైడర్ దగ్గర తగిలింది. వేలితో జరుపుతుంటే పక్కన పట్టీ పొడవు మారాలి. ఆ పొడవుని గూబర్ స్టైల్లోనే రాశాను. మామ పాత ఫోన్‌లో పట్టీ ఆగి ఆగి కదులుతోంది. పేజీ లోపలి కోడ్ చూపించే బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్ తెరిచి చూస్తే తల తిరిగింది, స్టైల్ ట్యాగ్ చాంతాడంత ఉంది! పొడవు మారిన ప్రతిసారీ అది కొత్త స్టైలే, కాబట్టి కొత్త క్లాస్, కొత్త రూల్. పాతవి పోవు. పైగా ఆ ట్యాగ్‌లో రాత మారినప్పుడల్లా బ్రౌజర్ మొత్తం మళ్లీ చదువుకోవాలి. డౌన్‌లోడ్ బరువు తగ్గిందని సంబరపడ్డాను గానీ, ఫోన్ చేసే పని గురించి ఆలోచించలేదు.

మందు చాలా తేలిక. రంగు, అంచు, ఎత్తు లాంటి మారనివి గూబర్‌లో ఉంచాను. పొడవుని మాత్రం సీఎస్ఎస్ వేరియబుల్‌గా, అంటే రూల్ మార్చకుండా విలువ మార్చుకోగల పేరుగా, నేరుగా ఆ ఎలిమెంట్ స్టైల్ యాట్రిబ్యూట్‌లో ఇచ్చాను. ఇప్పుడు ఎంత జరిపినా రూల్ ఒక్కటే.

చిన్న పేజీకో, వేరే సైట్లో తగిలించే విడ్జెట్‌కో గూబర్ హాయిగా సరిపోతుంది. తెర మీద చిన్న నోటిఫికేషన్లు చూపించే రియాక్ట్ హాట్ టోస్ట్ లైబ్రరీ లోపల ఉన్నది కూడా ఇదే. పెద్ద టీమ్, వందల స్క్రీన్లు ఉంటే నేనైతే సీఎస్ఎస్ మాడ్యూల్స్ వైపే వెళ్తాను, అందులో స్టైల్ మామూలు సీఎస్ఎస్ ఫైల్లోనే ఉంటుంది, క్లాస్ పేర్లు ఢీకొనకుండా చూసే పని బిల్డ్‌లోనే, అంటే సైట్ పెట్టకముందే, అయిపోతుంది.

పట్టీ సాఫీగా కదలడం మామకి చూపించాను. కాసేపు అటూఇటూ జరిపి, “అల్లుడూ, అది సరే గానీ ధర అక్షరాలు ఇంకొంచెం పెద్దగా పెట్టు” అన్నాడు.