కోటి కాంట్రాస్టు అంటున్నారు, కెమెరాతో కొలిచి చూద్దామా?

(మానిటర్ అట్టపెట్టె దగ్గరగా)

నమస్కారమండీ. ఈ పెట్టె మీద చూడండి: కాంట్రాస్టు కోటికి ఒకటి! అంటే ఈ తెర మీద తెలుపు వెలుగు నలుపు కన్నా కోటి రెట్లట. విజయనగరంలో గంటస్తంభం దగ్గర షాపులో కుర్రాడు ఈ అంకే చూపించి "మామూలు పీసు కాదు సార్" అన్నాడు. ఏటి కోటి? అది డైనమిక్ కాంట్రాస్టు. తెరంతా నల్లగా ఉన్నప్పుడు బ్యాక్‌లైట్, అంటే తెర వెనక దీపం, తగ్గించేసి, తెల్లగా ఉన్నప్పుడు పెంచేసి, ఆ రెండింటినీ భాగించిన లెక్క. ఒకే బొమ్మలో తెలుపూ నలుపూ ఉంటే అది పనికిరాదు. ఎల్‌సీడీ తెరల్లో ఐపీఎస్, వీఏ అని రకాలున్నాయి. మామూలు ఐపీఎస్ తెరకి అసలు లెక్క వెయ్యి దగ్గర్లో, వీఏకి మూడు వేల దగ్గర్లో ఉంటుంది.

నాకు ఇంకా చిరాకు ఎవరంటే, ఫోనుతో ఒక్క ఫొటో తీసి "తెలుపు 255, నలుపు 3, అంటే 85కి ఒకటే, మోసం" అనేవాళ్లు. బాబూ, జేపెగ్‌లో, అంటే మామూలు ఫొటో ఫైల్లో, 0 నుంచి 255 దాకా ఉండే ఈ అంకెలు వెలుగుతో పాటు సమానంగా పెరగవు. ఆ అంకెల్ని తిరిగి వెలుగు లెక్కలోకి మార్చే ఎస్ఆర్‌జీబీ సూత్రంతో విప్పితే అదే 3 దాదాపు 1,100కి ఒకటి అవుతుంది! అదీ నమ్మొద్దు, ప్రతి కెమెరా సొంత మెరుగులు దిద్దుతుంది. సెన్సర్ అంకెల్ని దిద్దకుండా దాచే రా ఫైలే తియ్యాలి.

ఇప్పుడు మన మున్సిపాలిటీ కుళాయి తలుచుకోండి. ధారగా వస్తే బిందె ఎంతసేపట్లో నిండుతుంది? కట్టేశాక బొట్లు కారుతుంటే ఎంతసేపు పడుతుంది? అదే బిందె, అదే గీత దాకా. ఒక టైముని రెండోదానితో భాగిస్తే, ధార బొట్లకి ఎన్ని రెట్లో తేలిపోతుంది. తెల్ల తెర ధార, నల్ల తెర బొట్లు, షట్టర్ తెరిచున్నంతసేపూ నీళ్లు పట్టినట్టు.

బిందె మూతి మధ్యలో మార్చకూడదు కదా? అందుకే మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్ 5.6, ఇక ముట్టుకోవద్దు. మార్చేది షట్టర్ ఒక్కటే. బిందె పొంగిందా, లెక్క పోయినట్టే. అంటే తెలుపు ఎక్కడా క్లిప్ అవకూడదు, అంకె గరిష్ఠానికి తగిలి ఆగిపోకూడదు. బిందెలో వాన నీళ్లు పడకూడదు, అంటే రాత్రిపూట లైట్లార్పి, వీధి దీపం వెలుగు రాకుండా కిటికీకి దుప్పటి కట్టి తియ్యాలి. కొన్ని తెరల బ్యాక్‌లైట్ సెకనుకి వందలసార్లు ఆరి వెలుగుతుంది. గాలి తన్నుతూ బుస్సుబుస్సుమనే కుళాయిని ఒక్క క్షణం పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? తెలుపుకి 1/15 సెకను కన్నా వేగంగా వెళ్లకపోవడం మంచిది.

మానిటర్ అరగంట వెలిగాక, డైనమిక్ కాంట్రాస్టు ఆపేసి, కెమెరాని తెర నడిమికి ఎదురుగా స్టాండు మీద పెట్టండి. ఐపీఎస్ అయితే పక్కనుంచి చూస్తే నలుపు తెల్లబారుతుంది. ఫోకస్ కాస్త చెదరగొట్టండి, పిక్సెల్ గళ్లు పడకుండా.

(తెర మీద లెక్క)

తెలుపు 1/15లో, నలుపు 30 సెకన్లలో తీశాం అనుకోండి. చాలా కెమెరాల్లో ఇవి నిజానికి 1/16, 32. అంటే టైము 512 రెట్లు. రా ఫైల్లో అంకెలు చూపించే రాడిగ్గర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడుమ భాగం పచ్చ ఛానెల్ సగటు చూస్తే తెలుపు 10,048, నలుపు 6,048 అనుకుందాం. ఆగండి! బిందెలో అడుగున ముందే కొన్ని నీళ్లున్నాయి. లెన్సు మూత పెట్టి అదే టైములకి తీసిన ఫొటోల్లోనూ ఓ అంకె వస్తుంది. ఇక్కడ రెండింటికీ 2,048 అనుకుందాం. తీసేస్తే 8,000, 4,000. అంటే నలుపు బిందె తెలుపు నిండిన గీత దాకా నిండలేదు, సగమే నిండింది, కాబట్టి 512ని రెండుతో హెచ్చవేస్తే 1,024. అదీ మీ కాంట్రాస్టు.

టైమైపోతోంది, మిగతావి గబగబా. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు ఆపండి. మౌస్ బాణం దాచండి. గళ్ల బొమ్మతో కొలిచే పద్ధతి దీనితో చెయ్యొద్దు, తెల్ల గడి వెలుగు లెన్సులో చెదిరి నల్ల గడిలోకి చేరిపోతుంది. బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి పిక్సెల్ తనే వెలిగే ఓలెడ్ తెర ఉన్నవాళ్లూ ఆగండి: అక్కడ నల్ల పిక్సెల్ ఆరిపోయే ఉంటుంది, మీకు దొరికేది గదిలో మిగిలిన వెలుగే. అందులో మీ కెమెరా మెమరీ కార్డు దగ్గరి ఎర్ర లైటూ ఒకటి. దానికి నల్ల టేపు అంటించండి.