వలలో దూరిన నోర్డాల్

శారద: నమస్కారం. ఈ వారం స్వీడన్ స్ట్రైకర్ గున్నార్ నోర్డాల్. అతని గోల్స్ గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆట చివరి రోజుల్లో స్వీడన్‌కు తిరిగి వెళ్లి కోచ్‌గా ఏం చేశాడో మాట్లాడుకుందామని పోయిన వారమే మాట ఇచ్చాం. మురళి గారూ, ముందే అడుగుతున్నాను, స్వీడన్ ఫుట్‌బాల్ సంఘం ఊసెత్తకుండా ఎంతసేపు ఉండగలరు?

మురళి: నన్నెందుకమ్మా అంటావు? నేపథ్యం చెప్పాలా వద్దా?

శారద: చెప్పండి. పొట్టిగా.

మురళి: 1921లో పుట్టాడు, ఉత్తర స్వీడన్‌లోని హోర్నెఫోర్స్‌లో. అయిదుగురు అన్నదమ్ములూ ఫుట్‌బాల్ ఆటగాళ్లే. వాళ్లలో బెర్టిల్, క్నూట్, గున్నార్, ముగ్గురూ 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. నోర్షోపింగ్‌లో ఆడుతున్నప్పుడు మనవాడిది ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. 1949 జనవరిలో ఇటలీ క్లబ్ మిలాన్ వాళ్లు తీసుకుపోయారు. అంతే, డబ్బు తీసుకుని ఆడేవాడు జాతీయ జట్టుకు పనికిరాడని తలుపు మూసేశారు. 33 మ్యాచ్‌లు, 43 గోల్స్, వయసు 27. మంటలు ఆర్పినందుకు జీతం తీసుకోవచ్చట, గోల్ కొట్టినందుకు తీసుకోకూడదట!

శారద: రెండు నిమిషాలు కూడా కాలేదు.

మురళి: సంఘం అనే మాట నా నోట రాలేదు. గమనించు.

శారద: [నవ్వు] సరే. కోచ్ సంగతికి వెళ్లే ముందు ఆ డెన్మార్క్ మ్యాచ్ ఒకటి తేల్చుకుందాం. మీరు మొన్న ఫోనులో అన్నమాట నేను మరిచిపోలేదు.

మురళి: ఏమన్నాను? తెలివైన గోల్ అన్నాను. ఇప్పుడూ అంటాను.

శారద: వినేవాళ్లకు చెప్పండి మరి. 1948 ఒలింపిక్స్ సెమీఫైనల్, వెంబ్లీ. స్వీడన్ 4-2తో గెలిచింది.

మురళి: నోర్డాల్ ఆఫ్‌సైడ్‌లో, అంటే డెన్మార్క్ రక్షకులను దాటి గోల్ దగ్గర ఉన్నాడు. అక్కడుండి ఆటలో కలగజేసుకుంటే గోల్ చెల్లదు. బంతి మళ్లీ డెన్మార్క్ గోల్ వైపే వస్తోంది. వెనక్కి పరుగెత్తే సమయం లేదు. మామూలు ఆటగాడైతే అక్కడే చేతులు వేలాడేసుకుని నిలబడతాడు. ఇతను నేరుగా వెళ్లి గోల్ లోపల, వలలో దూరాడు. మైదానం దాటి బయటికి పోయాడు కాబట్టి ఇక ఆటలో లేనట్టే. తన జట్టువాడు కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి లోపలికి వస్తే, వలలో నిలబడి దాన్ని చేత్తో పట్టుకున్నాడు!

శారద: నాకు అక్కడే చిరాకు. దాన్ని తెలివి అంటారా? గోల్‌కీపర్ వెనకాల అంత భారీ మనిషి వలలో తచ్చాడుతుంటే వాడి దృష్టి ఎటు పోతుంది?

మురళి: గోల్‌కీపర్ బంతిని చూడాలి. వెనకాల ఎవరున్నారో చూడడం వాడి పని కాదు.

శారద: మీరు ఎప్పుడైనా గోల్‌లో నిలబడ్డారా?

మురళి: ఆ సంగతి ఇప్పుడు ఎందుకు?

శారద: వరంగల్ టోర్నమెంట్.

మురళి: దాని గురించి మాట్లాడకూడదని ఒప్పందం ఉంది. నియమం గురించి మాట్లాడు. ఈ రోజు రాసి ఉన్న పదకొండో నియమం, అదే ఆఫ్‌సైడ్ నియమం ప్రకారం, దాడి చేసే జట్టు ఆటగాడు ఆటలో జోక్యం లేకుండా ఉండడానికి గీత దాటి బయటికి పోవచ్చు. బంతి లోపలికి వచ్చేటప్పుడు అతను గోల్ స్తంభాల మధ్య కదలకుండా ఉంటే గోల్ ఇచ్చి తీరాలి.

శారద: కదలకుండా! ఆ మాట మీ నోటితోనే వచ్చింది. ఎవరి ఆటకూ అడ్డుపడకూడదని కూడా ఉంది, అది మింగేశారు. ఇతను లోపల కూర్చుని జపం చేయలేదు కదా, బంతి పట్టుకోవడానికి చేతులు చాచాడు.

మురళి: బంతి గీత దాటాక చాచాడు! గీత దాటిన క్షణంలో గోల్ అయిపోయింది. ఆ తర్వాత పట్టుకున్నా, ముద్దు పెట్టుకున్నా ఎవరికేమి నష్టం?

శారద: దాటాక చాచాడని మీకెలా తెలుసు?

మురళి: దాటకముందు అని నీకెలా తెలుసు?

శారద: ఇప్పుడైతే వీడియో రెఫరీ నాలుగు నిమిషాలు చూసి చెప్పేవాడు.

మురళి: అప్పుడు రెఫరీ ఒక్క చూపులో గోల్ అన్నాడు. ఆట సాగింది. మనమే ఇంకా కొట్టుకుంటున్నాం.

శారద: ఎందుకంటే ఆ టోర్నమెంట్‌లో అతనికి ఇలాంటి ఉపాయాల అవసరమే లేదు. కొరియా మీద 12-0. మొత్తం ఏడు గోల్స్ కొట్టి అగ్రస్థానం పంచుకున్నాడు. ఎవరితో? అదే డెన్మార్క్ జట్టులోని జాన్ హాన్సెన్‌తో. అంత బలమున్నవాడు వలలో దాక్కోవడమేమిటి? నేను తప్పు అనడం లేదు, నాకు నచ్చలేదు అంటున్నాను.

మురళి: నచ్చకపోవడం వేరు. ముందే ఆ మాట అని ఉంటే పది నిమిషాలు మిగిలేవి.

శారద: మిగిలితే సంఘాన్ని తిట్టేవారు.

మురళి: తిట్టాలి మరి! మిలాన్‌లో 1949-50లో 35 గోల్స్. 2015-16లో హిగ్వాయిన్ 36 కొట్టేదాకా ఆ లెక్క చెక్కుచెదరలేదు. ఇటలీ లీగ్‌లో అయిదుసార్లు అత్యధిక గోల్స్ అతనివే. 1951లో మిలాన్‌కు లీగ్ టైటిల్ వచ్చింది, 44 ఏళ్ల తర్వాత. అలాంటివాణ్ని పక్కన పెట్టి, 1950 ప్రపంచ కప్పుకు అతను లేకుండా బ్రెజిల్ వెళ్లారు. మిలాన్‌లోనే ఆడుతున్న స్వీడన్ వాళ్లు గ్రెన్ లేడు, లీడ్‌హోల్మ్ లేడు. అయినా మూడో స్థానం వచ్చింది. ఉంటే?

శారద: ఉంటే కూడా బ్రెజిల్ చేతిలో 7-1 ఎంతవరకు తగ్గేదో. మూడో గ్రూపు గుర్తుందా మీకు? స్వీడన్, ఇటలీ, పరాగ్వే, నాలుగో పేరు ఇండియా.

మురళి: వెళ్లలేదు.

శారద: బూట్లు లేకుండా ఆడనివ్వనందుకు వెళ్లలేదని మళ్లీ అనకండి.

మురళి: అనడం లేదు. ఒలింపిక్స్‌తో పోలిస్తే ప్రపంచ కప్పును మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ప్రయాణం, సన్నాహం అన్నీ సాకులే అనిపిస్తుంది నాకు. ఇటలీ వాళ్లను చూడు. ముందటి ఏడాది సుపెర్గా కొండ మీద విమానం కూలి టొరినో జట్టు మొత్తం పోయింది. ఆ భయంతో ఓడెక్కి వెళ్లారు. వారాల ప్రయాణం. అయినా వెళ్లారు.

శారద: వెళ్లి స్వీడన్ చేతిలో 3-2తో ఓడారు. జట్టులో సగానికి సగం పోయాక ఎవరు గెలుస్తారు?

మురళి: [కాసేపు మౌనం] అవును. ఆ ఓటమి గురించి ఎవరినీ ఏమీ అనలేం.

శారద: మనవాళ్లు వెళ్లి ఉంటే... వద్దులెండి, అదో ఎపిసోడ్. కోచ్ సంగతి.

మురళి: ఆ, కోచ్. మిలాన్ తర్వాత ఇటలీలోనే రోమా క్లబ్‌లో రెండేళ్లు ఆడాక స్వీడన్ వెళ్లి కార్ల్‌స్టాడ్‌లో ఆడుతూ శిక్షణ ఇచ్చాడు. తర్వాత పాత క్లబ్ నోర్షోపింగ్‌కూ కోచ్ అయ్యాడు. ఇక్కడ నాకు నవ్వొచ్చేది ఏమిటంటే, స్వీడన్‌లో అమెచ్యూర్ నిబంధన, అంటే డబ్బు తీసుకోకుండా ఆడాలన్నది, 1967 దాకా ఉంది. అంటే డబ్బు తీసుకున్నందుకు దూరం పెట్టిన మనిషి తిరిగి వచ్చి, ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చే కుర్రాళ్లకు ఆట నేర్పుతున్నాడు.

శారద: కోచ్‌గా గొప్పవాడా?

మురళి: ఆటగాడిగా ఉన్నంత కాదు. ఆ స్థాయి ఎవరికి సాధ్యం?

శారద: లీడ్‌హోల్మ్‌కు సాధ్యమైంది. మిలాన్‌కూ రోమాకూ లీగ్ గెలిపించాడు.

మురళి: లీడ్‌హోల్మ్ మధ్యలో ఉండి మైదానమంతా చూసేవాడు. స్ట్రైకర్ చూసేది గోల్ ఒక్కటే. తనకు పుట్టుకతో వచ్చినదాన్ని ఎదుటివాడికి మాటల్లో చెప్పడం కష్టం.

శారద: ఇది మీ పాత సిద్ధాంతం. జర్మన్ స్ట్రైకర్ గెర్డ్ ముల్లర్ గురించి మాట్లాడిన రోజున కూడా ఇదే అన్నారు.

మురళి: ఇంకా ఎవరూ తప్పని నిరూపించలేదు. పైగా 1958లో సొంత గడ్డ మీద ప్రపంచ కప్పు వచ్చేసరికి ఆ పెద్దమనుషులే ఇటలీలో ఆడేవాళ్లను పిలిచారు! ఇటలీ నుంచి అప్పటికే తిరిగొచ్చిన 37 ఏళ్ల గ్రెన్ కూడా ఆడాడు. లీడ్‌హోల్మ్ కెప్టెన్, ఫైనల్లో నాలుగో నిమిషంలో గోల్ కొట్టాడు. గ్రెన్ కన్నా ఏడాది చిన్నవాడు నోర్డాల్, అతను మాత్రం లేడు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా బుద్ధి వస్తే...

శారద: కోచ్ భాగం నిమిషంన్నరలో అయిపోయింది, గమనించారా?

మురళి: వలలో దూరింది నువ్వు.

శారద: వచ్చే వారం ఇంకో స్వీడన్ స్ట్రైకర్, హస్సె జెప్సన్. 1952లో నాపోలి అతన్ని 105 మిలియన్ లీరాలకు కొన్నది.

మురళి: దానికి ముందు ఇంగ్లండ్ క్లబ్ చార్ల్‌టన్‌లో పైసా తీసుకోకుండా ఆడాడు, 11 మ్యాచ్‌ల్లో 9 గోల్స్. ఎందుకు తీసుకోలేదో తెలుసా? తీసుకుంటే స్వీడన్‌లో ఆ సంఘం వాళ్లు...

శారద: మైకు ఆపేస్తున్నాను.

మురళి: ఒక్క వాక్యం...