గువ్వల వేటకు మొదటిసారి: డాలస్ శ్రోతల ప్రశ్నలు

యాంకర్: నమస్కారం. టెక్సాస్ నార్త్, సెంట్రల్ జోన్లలో సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలవుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్ల ప్రశ్నలకు జవాబివ్వడానికి వేట శిక్షకులు మనతో ఉన్నారు. ఫ్రిస్కో నుంచి మొదటి కాల్.

కాలర్: నమస్తే అండి. హెచ్-1బీ మీద ఉన్నాను. ఏ తుపాకీ కొనమంటారు? ఫ్రెండ్స్ 12 గేజ్ అంటున్నారు.

శిక్షకుడు: తుపాకీ సంగతి తర్వాత సార్, ముందు లైసెన్సు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల వాళ్లు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కాల్పులు ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇదే రూలు. టెక్సాస్ వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే: తుపాకీ ఇంట్లో ఉంటుంది, లైసెన్సు చచ్చిపోయి ఉంటుంది. కొత్తవి ఆగస్టు మధ్యలోనే అమ్ముతారు, అప్పుడే తీసేసుకోండి. మీ కేసులో ఇంకేదైనా మెలిక ఉంటే లాయర్‌ని అడగండి.

కాలర్: లైసెన్సు ఒక్కటే చాలా?

శిక్షకుడు: చాలదు. వలస పక్షుల ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్సు మీద అదనంగా తీసుకునే అనుమతి కూడా కావాలి. కౌంటర్లో పోయినేడు ఎన్ని పక్షులు కొట్టారని అడుగుతారు, అది హిప్ సర్టిఫికేషన్. 1971 సెప్టెంబర్ 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. 17 నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు.

ఇక తుపాకీ. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం. మొదటిసారికి 20 గేజ్ సెమీ ఆటోమేటిక్ తీసుకోండి. భుజానికి దెబ్బ తక్కువ. గొట్టం చివర గుళ్లు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించే చోక్ ఇంప్రూవ్డ్ సిలిండర్ రకం, తూటాలో (షెల్) ఏడున్నర లేదా ఎనిమిదో నంబరు గుళ్లు. తుపాకీలో మొత్తం మూడు షెల్స్‌కి మించి పట్టకుండా ప్లగ్ అనే అడ్డు ఉండాలి. ఒక్క జాగ్రత్త: ఫ్రెండ్ దగ్గర 12 గేజ్ ఉంటే షెల్స్ ఒకే సంచిలో కలపొద్దు. 20 గేజ్ షెల్ 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి పెట్టి పేల్చారా, గొట్టం పగులుతుంది. 20 గేజ్ షెల్స్‌కి పసుపు రంగు వేసేది అందుకే.

యాంకర్: ఇర్వింగ్ నుంచి ఇంకో కాల్.

కాలర్: అన్నా, నమస్తే. రేంజ్‌ల క్లేలు, గాల్లోకి ఇసిరే మట్టి బిళ్లలు, మంచిగనే కొడుతున్న. పోయినేడు చేన్ల మాత్రం షెల్స్ డబ్బా ఖాళీ అయినా రెండు పిట్టలే పడ్డయి.

శిక్షకుడు: ఎంత దూరం నుంచి కొట్టారు తమ్ముడూ?

కాలర్: యాభై గజాలు ఉంటదేమో.

శిక్షకుడు: అదే తప్పు. ముప్పై, ముప్పై అయిదు గజాలు దాటితే గుళ్లు చెదిరిపోతాయి, పిట్ట గాయపడి పోతుంది. తుపాకీ పట్టకముందే ముప్పై గజాల దూరంలో ఒక చెట్టో కంచె స్తంభమో గుర్తు పెట్టుకో. ఇంకోటి, ట్రిగ్గర్ నొక్కగానే చెయ్యి ఆపేస్తున్నావేమో చూసుకో. చూపు పిట్ట ముక్కు మీద ఉంచి, తుపాకీ గొట్టాన్ని దాని వెనక నుంచి తెచ్చి, దాటిస్తూ కాల్చాలి, కాల్చాక కూడా చెయ్యి కదులుతూనే ఉండాలి. గుంపు వచ్చినప్పుడు ఒక్కదాన్నే ఎంచుకో. పడ్డ చోటు నుంచి కళ్లు తీయకుండా నడువు. అది దొరికే దాకా రెండోదాని జోలికి పోకు. తక్కువ ఎత్తులో వచ్చే పిట్టను కొట్టొద్దు, అవతల మనుషులు ఉంటారు. అద్దాలు పెట్టుకో.

కాలర్: జొన్నలు చల్లితే పిట్టలు వస్తయంటరు?

శిక్షకుడు: వస్తాయి, దాంతోపాటు వేట చట్టాలు చూసే గేమ్ వార్డెనూ వస్తాడు. చేలో పండిన పొద్దుతిరుగుడు కోస్తే రాలిన గింజలు పర్వాలేదు. సంచి తెచ్చి చల్లినవైతే, తీసేసిన పది రోజుల దాకా అక్కడ కొట్టకూడదు. రోజుకు మొత్తం 15 గువ్వలే. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకానే. సెప్టెంబర్ ఎండకి మాంసం గంటల్లో చెడిపోతుంది, ఐస్ పెట్టె కారులో కాదు, పక్కనే ఉంచుకో.

యాంకర్: ఆర్లింగ్టన్ నుంచి చివరి కాల్.

కాలర్: చెవులపిల్లులకు సీజన్ ఉందాండీ? ఊరెళ్లినప్పుడు కూడా వేటాడొచ్చా?

శిక్షకుడు: ఇక్కడ కుందేళ్లకు సీజనూ లేదు, పరిమితీ లేదు. లైసెన్సు మాత్రం ఉండాలమ్మా. తులరీమియా అనే జబ్బు వాటి నుంచి అంటుకుంటుంది, కాబట్టి చేతికి తొడుగులు వేసుకునే శుభ్రం చేయండి. కాలేయం మీద తెల్ల చుక్కలుంటే పారేయండి. కూర లోపలి దాకా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. ఊళ్లో మాత్రం వద్దు. భారత్‌లోని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ కుందేలుకూ అడవి పిట్టలకూ వర్తిస్తుంది, జైలుకు వెళ్లాల్సి వస్తుంది.