గొంతున్నవాళ్లు బస్సు దిగిపోయిన తరువాత

సభకు నమస్కారం.

ఉత్తర నైజీరియాలో పండే వేరుశనగ లాగోస్, పోర్ట్ హార్‌కోర్ట్ రేవులకు చేరాలంటే దాదాపు 800 మైళ్లు ప్రయాణించాలి. అంత దూరానికి, అంత బరువుకు రైలే అనువైనదని ఎవరైనా చెబుతారు. అయినా 1960లలో ఆ సరుకు లారీల వైపు మళ్లింది. పోటీ ఎదురైతే రైల్వే మెరుగుపడాలి కదా, ఎందుకు మెరుగుపడలేదన్న ప్రశ్న ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్తను వెంటాడింది. 1970లో ఆయన చెప్పిన సమాధానం ఇది. రైల్వేకు వచ్చే నష్టాన్ని ఖజానా భరిస్తుంది కనుక ఆదాయం పోయినంత మాత్రాన నిర్వాహకులు ఉలిక్కిపడరు. వారిని కదిలించగలిగింది పలుకుబడి ఉన్న వినియోగదారుల కోపం ఒక్కటే. లారీలు అందుబాటులోకి వచ్చాక ఆ వినియోగదారులు కోప్పడటం మానేసి వెళ్లిపోయారు. అడిగేవాడు లేని సేవ అలాగే కుంగుతూ పోయింది. ఒక సంస్థ చెడిపోతున్నప్పుడు దాన్ని వాడుకునేవారికి రెండు దారులుంటాయని, ఒకటి వెళ్లిపోవడం, రెండవది గొంతెత్తడం అని, మొదటి దారి సులువైనకొద్దీ రెండవది మూతపడుతుందని ఆయన వివరించారు.

ప్రజా రవాణా గురించీ, దాని పక్కన పెరుగుతున్న హైటెక్ ప్రయాణాల గురించీ మన చర్చ సాధారణంగా సాంకేతికత చుట్టూ తిరుగుతుంది. ఏది వేగం, ఏది ఖరీదు, ఏది కాలుష్యం అని అడుగుతాం. ఆ ప్రశ్నలు అవసరమే. కానీ ఒక నగరంలో మాట చెల్లుబాటయ్యే వర్గం మొత్తం బస్సు దిగి వేరే వాహనం ఎక్కేస్తే, బస్సులో మిగిలినవారి తరఫున ఎవరు మాట్లాడతారు? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

శాన్‌ఫ్రాన్సిస్కోను చూద్దాం. 1912 డిసెంబరులో ఆ నగరం 'మ్యుని' పేరుతో సొంత రవాణా సంస్థను ప్రారంభించింది. అమెరికాలో ఒక పెద్ద నగరం ప్రజల సొమ్ముతో, ప్రజల యాజమాన్యంలో ట్రాములు నడపడంలో అది తొలి ప్రయత్నాలలో ఒకటి. దశాబ్దాల తరువాత అదే సంస్థ స్టాపుల్లో తెల్లటి, నల్లద్దాల పెద్ద బస్సులు ఆగడం మొదలైంది. అవి నగరంలో నివసించే ఇంజనీర్లను దక్షిణాన ఉన్న సిలికాన్ వ్యాలీ ఆఫీసులకు తీసుకువెళ్లే కంపెనీ బస్సులు. లోపల వైఫై, మెత్తటి సీట్లు. టికెట్ లేదు, బయటివారికి ప్రవేశమూ లేదు. వాటిలో మన తెలుగు ఇంజనీర్లూ ప్రయాణించారు కనుక ఇది మనకు దూరపు కథేమీ కాదు. మ్యుని స్టాపులో ఇతర వాహనాలు ఆపితే జరిమానా విధించే నగరం ఈ బస్సులను ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు వదిలేసింది. 2013 డిసెంబరులో మిషన్ అనే పేటలో, అద్దెలు పెరిగి ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తున్న జనం ఒక గూగుల్ బస్సుకు అడ్డంగా నిలబడ్డారు. మరుసటి నెల నగర రవాణా సంస్థ ఒక ప్రయోగాత్మక పథకాన్ని ఆమోదించింది. కంపెనీ బస్సు ఒక స్టాపులో ఒకసారి ఆగితే ఒక డాలరు చెల్లించాలి. అప్పట్లో మ్యుని ఎక్కే ఒక్క ప్రయాణికుడి టికెట్ రెండు డాలర్లు! ఖర్చుకు మించి రుసుము వసూలు చేయడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదని అధికారులు వివరణ ఇచ్చారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. యాభై మందిని ఎక్కించుకున్న కంపెనీ బస్సు యాభై కార్లకంటే నిస్సందేహంగా మేలు. దానిలో కూర్చున్న ఉద్యోగి ఏ తప్పూ చేయలేదు. అలసిపోయిన మనిషి దొరికిన సుఖమైన సీటులో కూర్చున్నాడు. నష్టం రోడ్డు మీద లేదు. చదువుకున్న, ఓటు విలువ తెలిసిన, ఫిర్యాదు ఎక్కడికి పంపాలో తెలిసిన, పత్రికలు పట్టించుకునే వేలాది మందికి మ్యుని బస్సు ఆలస్యమైనా ఏమీ కాకుండా పోయింది, నష్టం అక్కడుంది. 2014 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ పేద పిల్లల ఉచిత మ్యుని ప్రయాణానికి రెండేళ్లపాటు సరిపడా 68 లక్షల డాలర్ల విరాళం ప్రకటించింది. ఎందరో పిల్లలకు అది మేలు చేసింది, కాదనను. అయితే విరాళం ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఇచ్చేవారి ఇష్టం; బస్సులోని తోటి ప్రయాణికుడి కోపాన్ని అలా ఎవరూ ఆపలేరు.

స్టీఫెన్ గ్రాహం, సైమన్ మార్విన్ అనే ఇద్దరు పండితులు 2001లో ఇలాంటి పరిణామాలన్నింటినీ కలిపి ఒక వాదన చేశారు. ఇరవయ్యో శతాబ్దపు నగరం నీళ్లు, కరెంటు, రోడ్డు, రవాణా అందరికీ ఒకే వలగా అందించాలన్న ఆదర్శంతో నడిచిందని, ఇప్పుడు ఆ వల చీలి, విలువైన వినియోగదారులను ఒకరితో ఒకరిని కలిపే ప్రత్యేక పాయలుగా మారుతోందని వారన్నారు. మన నగరాలకు ఈ మాట పూర్తిగా అతకదని నా అభిప్రాయం. చీలడానికి ముందు ఒక్కటిగా ఉండాలి కదా. ఆ ఆదర్శం మన దగ్గర ఏనాడూ పూర్తిగా నెరవేరలేదు. నీళ్ల కుళాయి విషయంలో ఇది మరీ స్పష్టం. అయినా ఆర్టీసీ బస్సు ఆ ఆదర్శానికి చాలా దగ్గరగా వచ్చిందని నేను నమ్ముతాను, అందుకే దాని గురించి ఇంత పట్టుదలగా మాట్లాడుతున్నాను.

అంతకుముందు లాస్ ఏంజెలెస్ గురించి చెప్పాలి, ఎందుకంటే వెళ్లిపోయే దారి లేనివారు గొంతెత్తితే ఏమవుతుందో అక్కడ కనిపించింది. 1994లో అక్కడి రవాణా సంస్థ బస్సు చార్జీని డాలరు పది సెంట్ల నుంచి డాలరు ముప్పై అయిదు సెంట్లకు పెంచాలని, 42 డాలర్ల నెలవారీ పాసును రద్దు చేయాలని నిర్ణయించింది. దాదాపు అదే సమయంలో పాసడీనాకు వేయబోయే రైలు మార్గానికి 12.3 కోట్ల డాలర్లు కేటాయించింది. బస్సుల్లో తిరిగేవారిలో అత్యధికులు నల్లజాతీయులు, లాటినోలు, ఆసియా వలసదారులు. ఇళ్లలో పని చేసేవారు, కుట్టుపని చేసేవారు, హోటళ్లలో పాత్రలు కడిగేవారు. వారు బస్సుల్లోనే తిరుగుతూ, ఇంగ్లిషులో, స్పానిష్‌లో, కొరియన్‌లో మాట్లాడుతూ బస్సు ప్రయాణికుల సంఘాన్ని కట్టుకున్నారు. 1964 పౌరహక్కుల చట్టం ఆధారంగా కోర్టుకు వెళ్లారు. 1996లో రవాణా సంస్థ పదేళ్ల ఒప్పందానికి అంగీకరించాల్సి వచ్చింది. పాసు నిలిచింది. అంతకంటే విశేషం రద్దీ గురించిన షరతు: రద్దీ వేళల్లో బస్సులో నిలబడేవారి సగటు సంఖ్య దశలవారీగా తగ్గి 2002 నాటికి ఎనిమిదికి మించకూడదు. నిలబడి ప్రయాణించే మనిషి కాళ్ల నొప్పి కోర్టు పత్రంలో ఒక అంకెగా నమోదైంది. అమలు విషయంలో ఆ తరువాత చాలా పోరాటాలు జరిగాయి, నిజమే. కానీ షరతు అంటూ ఉంటేనే దాని అమలు కోసం పోరాడగలం.

వేగం గురించి క్లుప్తంగా ఒక మాట. ఇవాన్ ఇలిచ్ అనే సామాజిక విమర్శకుడు 1970లలో ఒక లెక్క వేశారు. సగటు అమెరికన్ పురుషుడు కారు నడపడానికీ, దాన్ని కొనడానికీ, పోషించడానికీ అవసరమైన డబ్బు సంపాదించడానికీ ఏడాదికి 1,600 గంటలు వెచ్చించి 7,500 మైళ్లు తిరుగుతున్నాడు. అంటే గంటకు అయిదు మైళ్లు కూడా కాదు. డ్రైవర్ లేని కారు ఈ లెక్కను మార్చదు. 2023 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాంటి టాక్సీలు రాత్రింబవళ్లు చార్జీ తీసుకుని తిరగడానికి అనుమతి లభించింది. స్టీరింగ్ దగ్గర మనిషి లేకపోయినా కారు రోడ్డు మీద ఆక్రమించే వెడల్పు అంతే ఉంటుంది.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సేవ నుంచి పుట్టిందే మన ఆర్టీసీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పడమటి వైపు ఒక కొత్త నగరం లేచింది. దానితోపాటు ఒక కొత్త ప్రయాణ పద్ధతీ వచ్చింది: కంపెనీ క్యాబ్, కంపెనీ బస్సు, ఆ తరువాత ఫోనులో పిలిచే కారు. రాత్రి షిఫ్టు చేసే మహిళలకు సంస్థే రవాణా కల్పించాలన్న నియమం సరైనది, అవసరమైనది. కానీ పగటి పూట కూడా అదే పద్ధతి స్థిరపడిపోయింది. అదే భవనంలో అంతస్తులు తుడిచే మహిళ, గేటు దగ్గరి కాపలాదారు, క్యాంటీనులో వడ్డించే కుర్రాడు సికింద్రాబాద్ నుంచి 10హెచ్ బస్సులోనో, కోఠి నుంచి 127కె బస్సులోనో కొండాపూర్ వైపు వస్తారు. ఇంజనీరుకు క్యాబ్ పది నిమిషాలు ఆలస్యమైతే ఫిర్యాదు చేయడానికి ఫోనులో ఒక మీట ఉంటుంది. బస్సు ఆలస్యమైన మనిషికి సూపర్‌వైజర్ తిట్లు మిగులుతాయి. 2019లో అక్టోబరు 5 నుంచి 52 రోజులపాటు ఆర్టీసీ కార్మికులు సమ్మె చేసినప్పుడు ఆ భారం ఎవరి మీద పడిందో గుర్తు చేసుకోండి: పాసుల మీద చదువుకునే విద్యార్థులు, గంపలతో వచ్చే కూరగాయల అమ్మకందార్లు, దినకూలీలు. కంపెనీ క్యాబ్‌కు ఆ సమ్మె తగలనే లేదు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చింది. ఈ పథకాల మీద ఖర్చు గురించి చర్చ జరగాలి. అయితే నాకు ముఖ్యంగా కనిపించేది వేరొకటి. చాలాకాలం తరువాత బస్సు మళ్లీ ఎన్నికల విషయమైంది, బస్సులో రద్దీ మళ్లీ పత్రికల మొదటి పేజీకి వచ్చింది. లక్షలాది ఓటర్లు బస్సులోకి తిరిగి రావడం వల్ల పుట్టిన గొంతు అది. ఆ గొంతుకు ప్రభుత్వాలు మరిన్ని బస్సులతో జవాబు చెప్పాలి. "ఉచితమేగా, సర్దుకోండి" అని నోరు మూయిస్తే, స్తోమత వచ్చిన ప్రతి ఇల్లూ స్కూటీ కొని మళ్లీ దిగిపోతుంది.

ఇలాంటి సమయంలో భవిష్యత్తు వాహనాల వాగ్దానాలు మన దృష్టిని మళ్లిస్తాయి. 2017 సెప్టెంబరులో విజయవాడ, అమరావతి మధ్య హైపర్‌లూప్ (గాలి తీసేసిన గొట్టంలో అతివేగంగా నడిచే వాహనం) నిర్మాణానికి ఒక అమెరికన్ సంస్థతో అవగాహన ఒప్పందం కుదిరింది. గంటకు పైగా పట్టే ప్రయాణం కొద్ది నిమిషాల్లో ముగుస్తుందన్నారు. ఆ గొట్టం ఒక్క మీటరు కూడా పడలేదు. ఆ రెండు ఊళ్ల మధ్య తిరిగేవారికి అప్పుడూ ఇప్పుడూ కావలసింది, పావుగంటకొకటి తప్పకుండా వచ్చే బస్సు.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం సమర్థంగా, తగినంతగా, చౌకగా, సమన్వయంతో బస్సులు నడపడం కార్పొరేషన్ బాధ్యత అని చెబుతుంది. అదే చట్టంలో సలహా మండళ్ల ఏర్పాటుకూ చోటుంది. లాస్ ఏంజెలెస్ ఒప్పందం ప్రయాణికుల ప్రతినిధులనూ అధికారులనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మనకు అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి పెద్ద డిపో పరిధిలో రోజూ బస్సెక్కేవారితో ఒక మండలి ఏర్పాటు చేయాలని, ఏ రూటులో ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో నెలనెలా దాని ముందు పెట్టాలని, ఐటీ సంస్థలు తమ వాహనాలు ఏ దారిలో ఎందరిని తీసుకువెళ్తున్నాయో ఆ మండలికి చెప్పాలని నేను కోరుతున్నాను. ఆ వివరాలు చేతికొస్తే ఏ కంపెనీ బస్సు దారిని 10హెచ్ దారితో కలిపి, రెండు వర్గాల వారినీ ఒకే బస్సులో కూర్చోబెట్టవచ్చో ఆ మండలే తేల్చగలదు.