పంపేసినవాడి చేతికే అర్జీ

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ పోలీసు సోదరులకు, మినిస్టీరియల్ స్టాఫ్‌లో, అంటే ఆఫీసు గుమాస్తా పనిలో, నాతో కలిసి పనిచేసిన మిత్రులకు, మన ఆహ్వానాన్ని మన్నించి వచ్చిన ఆడపడుచులకు నమస్కారాలు. పేరు పేరునా చెప్పాలని ఉంది గానీ భోజనాల వేళ అవుతోంది. నన్ను హెల్త్ కార్డుల మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి కార్యదర్శి గారు నాకంటే బాగా చెబుతారు. నేను హాంకాంగ్‌లో పనిచేసిన ఒక చైనా పోలీసు గురించి మాట్లాడతాను. దయచేసి వినండి, మనకు సంబంధించిన విషయమే.

1842లో హాంకాంగ్ ఇంగ్లీషువాళ్ల పాలైంది. 1844లో అక్కడ పోలీసు దళం పెట్టారు. పైన తెల్లవాళ్లు, మధ్యలో మన దేశంవాళ్లు, అడుగున చైనావాళ్లు. 1867 నుంచి పంజాబు సిక్కులను తీసుకెళ్లారు. జీతాలదీ అదే వరుస. తర్వాతి రోజుల్లో బెల్టు నంబరు ముందు ఒక అక్షరం ఉండేది. ఏ అంటే యూరోపియన్, బి అంటే ఇండియన్, సి అంటే దక్షిణ చైనాలోని కాంటన్‌వాడు, డి అంటే ఉత్తర చైనాలోని షాన్‌డాంగ్‌వాడు. మనిషి ఏ మెట్టు మీదివాడో నంబరే చెప్పేది.

అలాంటి దళంలో విలియం క్విన్సీ అనే చైనీయుడు ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. చైనాలో చక్రవర్తి మీద జరిగిన తైపింగ్ తిరుగుబాటు రోజుల్లో దిక్కులేని పిల్లవాడు. చార్లెస్ గోర్డన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి చేరదీసి ఇంగ్లండులో చదివించాడు. గోర్డన్ అంటే తర్వాత 1885లో సూడాన్‌లోని ఖార్టూమ్‌లో చనిపోయిన ఆ గోర్డనే.

1897లో పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ హెన్రీ మే ఒక జూదగృహం మీద దాడి చేయించాడు. అక్కడ దొరికిన లెక్కల్లో మామూళ్లు తీసుకున్న పోలీసుల పేర్లు బయటపడ్డాయి. వందమందికి పైగా ఇరుక్కున్నారు. తెల్లవాళ్లు, ఇండియన్లు, చైనీయులు అందరూ ఉన్నారు. ఒక యూరోపియన్ ఇన్‌స్పెక్టర్ జైలుకి వెళ్లాడు. క్విన్సీ ఉద్యోగమూ పోయింది.

ఆయన మచ్చలేనివాడని నేను వాదించడం లేదు. నా బాధ వేరు. అలా ఉద్యోగం పోయినవాడు మళ్లీ తీసుకోండని అడగాలంటే ఎవరిని అడగాలి? అర్జీ పోలీసు అధిపతి నుంచి, గవర్నరు కింద పాలన చూసే కలోనియల్ సెక్రటరీ ఆఫీసుకి, అక్కడి నుంచి గవర్నరుకి వెళ్లాలి. లండన్ మంత్రికి రాసుకున్నా గవర్నరు ద్వారానే వెళ్లాలి. ఇప్పుడు చూడండి. 1897లో పోలీసు అధిపతి మే. 1902లో కలోనియల్ సెక్రటరీ అయ్యాడు, మే. 1912లో గవర్నరు అయ్యాడు, అదే మే. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా కానివ్వండి, తాను ఇంటికి పంపినవాడి అర్జీ మీద తానే ఎలా తీర్పు చెబుతాడు?

మాస్టారూ, వెనక వరసలో వారూ, ఒక్క నిమిషం. మనలో ఎంతమంది ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అని, అంటే పై అధికారి ద్వారానే అని రాసి అర్జీ పంపారు? చేతులెత్తండి. చూశారా!

నేను పోలీసు ఆఫీసులో కాగితాలు రాసే రైటరుగా ఉన్న రోజుల్లో ఒక కానిస్టేబుల్‌ని డిస్మిస్ చేశారు. ఊరు, పేరు చెప్పను. లారీవాడి దగ్గర డబ్బు తీసుకున్నాడని ఆరోపణ, సాక్షి ఒక్కడే. ఆయన పై అధికారికి అప్పీలు పెట్టుకున్నాడు. ఆ అప్పీలు రిమార్కుల కోసం, అంటే అభిప్రాయం రాయడానికి, మళ్లీ మా ఆఫీసుకే వచ్చింది. తీసేసిన అధికారే ‘పరిశీలించదగిన కొత్త అంశాలు లేవు’ అని రాశారు. టైపు కొట్టింది నేనే. ఆ మనిషి రోజూ వచ్చి వరండాలో నిలబడేవాడు. ‘అన్నా, నా కాగితం పైవాళ్లు చదివారా?’ అని అడిగేవాడు. పైకి వెళ్లిందని చెప్పేవాణ్ణి. అది కిందికే వచ్చిందని ఆయనకి ఎలా చెప్పను?

మనకి రాజ్యాంగంలో 311వ అధికరణం ఉంది. విచారణ జరపకుండా, చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయకూడదు. దానికి మినహాయింపులూ ఉన్నాయి, అవి ఎలా వాడతారో మీకు తెలుసు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే ఈ రక్షణకి మూలం ఉంది. క్విన్సీ రోజుల్లో ఆ మాత్రం కూడా లేదు. హాంకాంగ్ పోలీసుకి ఒక చైనీయుడు అధిపతి అయింది 1989లో, లీ క్వాన్‌హా. దళం పెట్టిన 145 ఏళ్లకి!

హెల్త్ కార్డుల మాట అడగమన్నారు, అడుగుదాం. కానీ ముందు ఇంకొకటి అడుగుతున్నాను. మన జిల్లాలో డిస్మిస్ అయి అప్పీలు రాసుకోవడం రానివాళ్లు ఉన్నారు. ఎంక్వైరీ ఫైలు చదవడం, ఎక్కడ సాక్ష్యం లేదో పట్టుకోవడం మనకి చేతనవును. మన సంఘం తరఫున ముగ్గురం, నలుగురం కూర్చుని వాళ్ల అప్పీళ్లు రాసిపెడదాం. రిమార్కులు వేరే అధికారి చేత రాయించమని మొదటి పేరాలోనే అడుగుదాం. వచ్చేవాళ్లు భోజనాలయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేరు, ఫోన్ నంబరు రాయించండి. నా పేరు ఇప్పటికే రాయించాను.