రాచోల్‌లో ఉన్నది ఉత్త చర్చి కాదు

(తెర మీద: గోవా, జువారీ నది పక్కన గుట్ట మీద పెద్ద తెల్ల కట్టడం)

నమస్తే అండీ. మహారాష్ట్రలోని మన సిరొంచ నుంచి గోవా పోయొచ్చినవాళ్ళు ఈ ఫొటో చూపించి "రాచోల్ చర్చి" అంటారు. ఎంతమందికి చెప్పినా మళ్ళీ అదే మాట! చర్చి ఉంది, నిజమే. కానీ దాన్ని ఆనుకుని ఉన్న ఈ పెద్ద భవనం సెమినరీ, అంటే ఫాదర్లు తయారయ్యే చోటు.

వానలు పడగానే మనం ఓ మూల మడిలో నారు పోస్తాం కదా. అది ఎదిగాక పీకి, కట్టలు కట్టి, పొలమంతా నాటేస్తాం. చర్చి పొలమైతే సెమినరీ నారుమడి. ప్రతి మేత్రాసనానికీ, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతానికి, ఇలాంటి మడి ఒకటి ఉండాలని 1563లో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ తీర్మానించింది. ఇప్పటికీ తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి ఆరేళ్ళకు తక్కువ కాకుండా చదివితేనే ఫాదర్ అవుతారు. నారు ముదరకుండా పీకరు.

ఇక ఈ కట్టడం సంగతి. ఇది నిలబడింది పాత కోట జాగాలో. బీజాపూరు సుల్తానుల చేతిలోని ఆ కోటను విజయనగరం వాళ్ళు గెలుచుకుని, 1520లో పోర్చుగీసువాళ్ళకు అప్పగించారు. అప్పుడు గద్దె మీద ఉన్నది మన కృష్ణదేవరాయలే! 1606లో జెస్యూట్లు, అంటే ఒక కాథలిక్ ఫాదర్ల సంఘం వాళ్ళు, ఇక్కడ కాలేజీకి పునాది వేశారు, 1610 నాటికి కట్టేశారు.

నాకు బాగా ఇష్టమైన ముచ్చట ఇక్కడి అచ్చుయంత్రం. థామస్ స్టీఫెన్స్ అనే ఇంగ్లీషు జెస్యూట్ 1579లో గోవా వచ్చి, ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. పుస్తకాలు ఇక్కడి లిపిలోనే అచ్చు వేయాలని ఆయన కోరిక. 1608లో రోముకు ఉత్తరం రాశాడు: రోమను లిపికి 24 అచ్చులు పోస్తే చాలు, ఇక్కడి లిపికి 600 దాకా కావాలి, అదొక అడ్డం అని. గుణింతాలు, ఒత్తులు ఒక్కసారి తలుచుకోండి, ఆయన బాధ మనకు తెలుస్తుంది. చివరికి 1616లో క్రీస్తు కథ చెప్పే ఆయన కావ్యం క్రిస్తపురాణం రోమను లిపిలోనే రాచోల్‌లో అచ్చయింది. భాష మాత్రం మరాఠీ. దాదాపు 11 వేల ఓవీ పద్యాలు! మరాఠీ బడిలో చదివిన మన పిల్లలకు ఓవీ అంటే చెప్పక్కర్లేదు, భగవద్గీతకు మరాఠీ వ్యాఖ్యానమైన జ్ఞానేశ్వరి నడిచిందీ ఆ ఛందస్సులోనే. పూలలో మల్లె ఎలాగో భాషల్లో మరాఠీ అలాగని పొగిడింది ఈయనే.

అందుకే "క్రైస్తవ సాహిత్యమంతా బ్రిటిషువాళ్ళతో వచ్చింది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నారు పీకినా వేళ్ళకు ఆ మడి మట్టి అంటుకునే ఉంటుంది. ఈ మడి మట్టి మరాఠీ, కొంకణి. స్టీఫెన్స్ రాసిన కొంకణి వ్యాకరణం 1640లో అచ్చయిందీ రాచోల్‌లోనే.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. 1759లో పోర్చుగల్ ప్రభుత్వం జెస్యూట్లను వెళ్ళగొట్టింది. తర్వాత భవనం గోవా మేత్రాసనం చేతికొచ్చి, పూర్తిగా సెమినరీ అయింది. 1994లో క్రైస్తవ కళల మ్యూజియం ఇక్కడే మొదలై, 2002లో పాత గోవాకు మారింది. సెమినరీ మాత్రం నడుస్తూనే ఉంది. మడ్‌గావ్‌లో రైలు దిగితే దగ్గరే. లోపల క్లాసులు జరుగుతుంటాయి కాబట్టి గేటు దగ్గర అడిగి, ఒప్పుకుంటేనే లోపలికి వెళ్ళండి.