లైటు వెలిగినంత మాత్రాన కనెక్షన్ ఉన్నట్టు కాదు: ఫోన్‌లో చెప్తూ లోకల్ నెట్‌వర్క్ సరిచేయించడం

నెల్లూరులో ఉన్న నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: "నెట్ పోయింది." చాలాసార్లు పోయింది నెట్ కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని సగం రోజు వృథా చేసుకుంటారు. అందుకే ఈ వీడియో.

కాలువ లెక్కలో చెప్తాను. సోమశిలలో నీళ్లున్నాయి. పెన్నలో సంగం బ్యారేజీ దాకా వచ్చాయి, కనిగిరి రిజర్వాయర్ నుంచి కాలువకీ వదిలారు. మీ మడికి మాత్రం చుక్క రాలేదు. అప్పుడు సోమశిలకి ఫోన్ చేస్తారా, పిల్లకాలువ గట్టు పట్టుకుని చూసుకుంటూ వెళ్తారా? ఇంటర్నెట్ సోమశిల. రౌటర్ మీ తూము. తూము నుంచి మడి దాకా ఉన్న పిల్లకాలువే లోకల్ నెట్‌వర్క్.

మొన్న బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. రైస్ మిల్లులో బిల్లింగ్ కంప్యూటర్ నుంచి ఆఫీసు గదిలోని కంప్యూటర్‌లో ఉన్న లెక్కల ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. బయట ధాన్యం లారీలు ఆగి ఉన్నాయి, ఆయనకి టెన్షన్. "ఎనీడెస్క్‌లో చూడరా" అన్నాడు. అంటే దూరం నుంచే ఆ కంప్యూటర్ స్క్రీన్ చూసి నడిపించే యాప్. ఆ కంప్యూటర్‌కి దారే లేనప్పుడు ఎనీడెస్క్ ఎలా వస్తుంది? ఒక్కొక్కటే అడిగి తెలుసుకోవాల్సిందే.

"చిన్నాన్నా, నీ ఫోన్‌లో వైఫై పనిచేస్తోందా?" చేస్తోంది. తూము దాకా నీళ్లున్నాయి. "సీపీయూ వెనక కేబుల్ గుచ్చినచోట లైటు?" వెలుగుతోంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అవతలి కొసన ఏదో పరికరం ఉందనే ఆ లైటుకి అర్థం. అది రౌటరే కానక్కర్లేదు.

(స్క్రీన్ మీద: నల్ల విండో, ఐపీకాన్ఫిగ్)

నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి, కంప్యూటర్ అడ్రస్ చూపించే ఐపీవీ4 లైను చదవమన్నాను. "నూట అరవై తొమ్మిది... చుక్క... రెండొందల యాభై నాలుగు..." ఇక మిగతాది వినక్కర్లేదు! మామూలుగా కంప్యూటర్ తనకో అడ్రస్ ఇమ్మని రౌటర్‌ని అడుగుతుంది. దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఎంత అడిగినా బదులు రాకపోతే విండోస్ తనే 169.254తో మొదలయ్యే నంబర్ పెట్టుకుంటుంది. తూము నుంచి నీళ్లు రాలేదని మడే చెప్తోందన్నమాట. నాకు ఈ నంబర్ అంటే ఎంత ఇష్టమో!

లైటుంది, అడ్రస్ రాలేదు. "బల్ల కింద చిన్న స్విచ్ డబ్బా ఏమైనా ఉందా?" ఒక కేబుల్‌ని నాలుగైదు కంప్యూటర్లకి పంచే డబ్బా అది. ఉంది, తవుడు దుమ్ము పట్టి. లైటు వెలిగిస్తున్నది ఇదే. అందులోంచి రౌటర్‌కి వెళ్లే కేబుల్ ఊడి వేలాడుతోంది. కొసనుండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయింది. గట్టిగా గుచ్చి టేపు వేయించాను. అడ్రస్ మళ్లీ అడిగించే ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టగానే 192.168.1.14 వచ్చింది. మడికి నీళ్లు ఎక్కాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. అడ్రస్ బాగుండీ ఫోల్డర్ రాకపోతే ఐపీకాన్ఫిగ్‌లో కనిపించే డిఫాల్ట్ గేట్‌వే నంబర్‌ని, అంటే రౌటర్ అడ్రస్‌ని, పింగ్ చేయించండి. పింగ్ అంటే "ఉన్నావా?" అని పిలిచి బదులు కోసం చూడటం. బదులొస్తే తూము దాకా దారి బాగుంది. పక్క కంప్యూటర్ పింగ్‌కి పలక్కపోతే కంగారొద్దు, బయటి పిలుపుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపుతూ ఉండొచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌లో ఉంటే ప్రైవేట్‌కి మార్పించండి. కంప్యూటర్ పేరుతో ఫోల్డర్ తెరుచుకోకపోతే ఐపీ నంబర్‌తో తెరిపించండి. ఇవన్నీ బాగుండీ సైట్లు రాకపోతే బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ అడ్రస్ 8.8.8.8 పింగ్ చేయించండి. పలికితే, సైటు పేరుని నంబర్‌గా మార్చే డీఎన్ఎస్ చూడండి. పలక్కపోతే, అప్పుడు చేయండి సోమశిలకి ఫోన్.